వీవీటీ ఇంజిన్‌కి బయటి ఈసీయూ: క్యామ్‌ను కట్టేయాలా, కదపాలా?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా 2005 కరోలా ఆ రాత్రి వజ్రపుకొత్తూరు వైపు చుట్టాలింటి ముందు ఉంది. చెట్టు పడలేదు, అద్దం పగల్లేదు. నీళ్లు మాత్రం లోపలికొచ్చి డ్యాష్‌బోర్డు కింది దాకా నిలబడ్డాయి. వారం తర్వాత గ్లవ్ బాక్స్ వెనక నుంచి ఇంజిన్ కంప్యూటర్ బయటికి తీస్తే పిన్నుల మీద పచ్చటి చిలుము. సెకండ్ హ్యాండ్‌వి రెండు దొరికాయి. ఒకటి ఆటోమేటిక్ గేర్ బండిది, రెండోది మా తాళంతో కలవలేదు. అలా స్టాండలోన్ ఈసీయూ, అంటే కంపెనీది తీసేసి దాని పనంతా చేసే బయటి ఇంజిన్ కంప్యూటర్, పెట్టక తప్పలేదు.

అప్పటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లు అప్పుడప్పుడు ఫోన్ చేసి అడుగుతుంటారు, "అన్నా, ఏ ఈసీయూ కొనమంటావు?" అని. నేను తిరిగి అడిగేది ఒకటే. నీ ఇంజిన్‌లో క్యామ్ (వాల్వులను తెరిచి మూసే ఇరుసు) టైమింగ్ మారేలా కదులుతుందా? కదిలితే దాన్ని ఏం చేద్దామనుకుంటున్నావు? దీనికి జవాబు తేలకుండా ఈసీయూ కొంటే డబ్బు దండగ. ఇంధనం, ఇగ్నిషన్ ఎవరైనా ఎలాగోలా సర్దేస్తారు. బండి తుళ్లేది, మైలేజీ పడిపోయేది, ట్యూన్ ఎన్నాళ్లకీ కుదురుకోనిది ఎక్కువగా క్యామ్ దగ్గరే.

నా మాట ముందే చెప్పేస్తాను. క్యామ్ ఎక్కడుందో కంప్యూటర్ సరిగ్గా చదవగలిగితేనే దాన్ని కదపండి. చదవలేకపోతే కట్టేసి ఉంచండి. ఈ రెంటికీ మధ్యలో ఉన్న దారులే మాకు టెన్షన్ పెట్టాయి.

మీ ఇంజిన్‌లో ఉన్నది ఏ రకం

వీవీటీ (వేరియబుల్ వాల్వ్ టైమింగ్, అంటే వాల్వులు తెరుచుకునే వేళ మార్చే ఏర్పాటు) అని మూత మీద రాసి ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. 2008 తర్వాతి హోండా సిటీ 1.5 ఐ-వీటెక్‌లో క్యామ్ కోణం మారదు. రాకర్లు ఒక స్థాయి నుంచి ఇంకో స్థాయికి మారతాయంతే. దానికి ఆన్, ఆఫ్ ఇచ్చే ఒక్క ఔట్‌పుట్ చాలు. టయోటా వీవీటీ-ఐ, సుజుకీ వీవీటీ, హ్యుందాయ్ వీటీవీటీ వేరు. వాటిలో క్యామ్ తిరుగుతూనే ముందుకీ వెనక్కీ జరుగుతుంది. ఈ వ్యాసం ఆ రెండో రకం గురించే.

క్యామ్ చివరి చైన్ చక్రం లోపల చిన్న చిన్న గదులు, వాటిలో రెక్కలు ఉంటాయి. ఇంజిన్ ఆయిల్ ఒక వైపు నుంచి తోస్తే క్యామ్ ముందుకు జరుగుతుంది, ఇంకో వైపు నుంచి తోస్తే వెనక్కి వస్తుంది. ఆయిల్ ఎటు పోవాలో నిర్ణయించేది ఆయిల్ కంట్రోల్ వాల్వ్, మనవాళ్లు ఓసీవీ అంటారు. ఈసీయూ దానికి సెకనుకి వంద, రెండు వందల సార్లు కరెంటు ఇచ్చి ఆపుతుంటుంది. అందులో ఎంత శాతం సేపు ఇచ్చిందో అదే డ్యూటీ.

ఇక్కడే చాలామంది పొరపడతారు. డ్యూటీ పెంచితే యాంగిల్ పెరుగుతుందనుకుంటారు. అలా కాదు. డ్యూటీ చెప్పేది క్యామ్ ఎంత వేగంగా, ఎటు జరగాలో. చెరువు మదుము ఎంత ఎత్తామన్నదాన్ని బట్టి నీళ్లు ఎంత జోరుగా పోతాయో తెలుస్తుంది గానీ, మడి ఎంత నిండిందో తెలియదు. అది గట్టు మీద నిలబడి చూడాల్సిందే. ఓసీవీ కూడా అంతే. సుమారు సగం డ్యూటీ దగ్గర క్యామ్ ఉన్నచోటే నిలబడుతుంది, అంతకు పైన ముందుకు పోతుంది, కింద అయితే వెనక్కి వస్తుంది. అందుకే "30 శాతం డ్యూటీ పెడితే 15 డిగ్రీలు" అంటూ టేబుల్ నింపే పద్ధతి పనిచేయదు. ఆయిల్ వేడెక్కితే లెక్కంతా మారిపోతుంది.

కంపెనీ ఈసీయూ బాగుంటే

మీ బండిలో కంపెనీ ఈసీయూ బతికి ఉంటే దాన్ని పీకకండి. ఎయిర్ ఫిల్టర్, ఎగ్జాస్ట్ వరకే మార్చినవాళ్లకి రీమ్యాప్ (అదే ఈసీయూ లోపలి టేబుల్స్ మార్చడం) చాలు. క్యామ్ టేబుల్స్ కోసం కంపెనీవాళ్లు డైనో (ఇంజిన్ బలం కొలిచే యంత్రం) మీద గడిపినంత సమయం మనం జన్మలో గడపలేం. రీమ్యాప్ చేసేవాళ్లని ఒక్క ప్రశ్న అడగండి, "క్యామ్ టార్గెట్ టేబుల్ ముట్టుకుంటారా?" అని. ముట్టుకోం అంటే మంచిదే. ముట్టుకుంటాం అంటే దేన్ని చూసి ఎంత మారుస్తారో వివరంగా చెప్పమనండి.

పవర్‌ట్రానిక్ లాంటి పిగ్గీబ్యాక్ పెట్టెలు కంపెనీ ఈసీయూకీ సెన్సర్లకీ మధ్యలో కూర్చుంటాయి. క్యామ్ పని కంపెనీ ఈసీయూ చేతిలోనే ఉంటుంది కాబట్టి సగం తలనొప్పి తప్పుతుంది. ఒక మెలిక మాత్రం ఉంది. ఇగ్నిషన్ మార్చడానికి కొన్ని పిగ్గీబ్యాక్‌లు క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) సిగ్నల్‌ను కాస్త జరిపి పంపుతాయి. క్రాంక్ సిగ్నల్ జరిగి, క్యామ్ సిగ్నల్ ఉన్నట్టే వెళ్తే, కంపెనీ ఈసీయూకి క్యామ్ తన చోటు నుంచి కదిలినట్టు కనిపిస్తుంది. అది పాపం నిజాయితీగా క్యామ్‌ను "సరిచేస్తుంది". మీరు ఇగ్నిషన్ 5 డిగ్రీలు మార్చాననుకుంటారు, లోపల క్యామ్ కూడా 5 డిగ్రీలు జరిగి కూర్చుంటుంది. వీవీటీ బండికి పిగ్గీబ్యాక్ కొంటే రెండు సిగ్నళ్లనూ కలిపి జరిపేదే కొనండి.

స్టాండలోన్ పెట్టాక మూడు దారులు

ఇక మా బండి కథకి వద్దాం.

మొదటి దారి, ఓసీవీ ప్లగ్గు పీకేసి క్యామ్‌ను దాని సహజ స్థానంలో వదిలేయడం. ఇన్‌టేక్ (గాలి లోపలికొచ్చే వైపు) క్యామ్ అయితే ఆ స్థానం పూర్తి రిటార్డ్, అంటే పూర్తిగా వెనక్కి (ముందుకు జరగడాన్ని అడ్వాన్స్ అంటారు). లోపల ఒక లాక్ పిన్ పడి క్యామ్ గట్టిగా ఆగిపోతుంది. ఐడిల్ మెత్తగా ఉంటుంది, పైన 5000 దాటాక కూడా పెద్దగా నష్టం ఉండదు. పోయేది మధ్యలో బలం. 2000 నుంచి 4000 ఆర్‌పీఎం మధ్య బండి బద్ధకంగా లాగుతుంది. నలుగురెక్కి ఏసీ వేస్తే బాగా తెలుస్తుంది. అయినా ఈ దారిని చిన్నచూపు చూడొద్దు. నేను కొన్ని నెలలు ఇలాగే నడిపాను. క్యామ్ కదలకుండా ఉంటే ఇంధనం టేబుల్, ఇగ్నిషన్ టేబుల్ శుభ్రంగా కుదురుతాయి. తర్వాత ఏం చేసినా వెనక్కి రావడానికి ఒక గట్టి నేల ఉంటుంది.

రెండో దారి ఆన్, ఆఫ్. ఒక ఆర్‌పీఎం దాటగానే క్యామ్‌ను చివరిదాకా తోసేయడం, ఇంకో ఆర్‌పీఎం దగ్గర వదిలేయడం. మాకు మొదట ట్యూన్ చేసిపెట్టినతను ఇదే పెట్టాడు. 2500 దగ్గర ఆన్, 5000 దగ్గర ఆఫ్. గ్యారేజీ ముందు యాక్సిలరేటర్ తొక్కితే అద్భుతంగా ఉంది. రణస్థలం దాటి హైవే మీద నాలుగో గేరులో 70 దగ్గర నిలకడగా పోతుంటే నరకం. ఆ వేగంలో ఇంజిన్ సరిగ్గా 2500 దగ్గరే ఉంటుంది. సూది కాస్త అటూ ఇటూ ఊగినప్పుడల్లా క్యామ్ 40 డిగ్రీలు ముందుకీ వెనక్కీ కొట్టుకునేది. వెనక సీట్లో అమ్మ "బండికి ఎక్కిళ్లు వచ్చాయేటిరా" అంది.

కారణం ఇది. తక్కువ లోడులో ఇన్‌టేక్ వాల్వ్ మరీ ముందుగా తెరుచుకుంటే కాలిన గ్యాస్ వెనక్కి ఇన్‌టేక్‌లోకి వస్తుంది. మానిఫోల్డ్ (ఇన్‌టేక్ గొట్టం) ప్రెషర్ మారకపోయినా లోపలికి వెళ్లే తాజా గాలి తగ్గిపోతుంది. ఆ ప్రెషర్ కొలిచే మ్యాప్ సెన్సర్‌ను నమ్మి ఇంధనం పోసే ఈసీయూకి ఆ సంగతి తెలియదు. పాత లెక్కనే పెట్రోలు పోస్తుంది. మిక్స్చర్ రిచ్ అవుతుంది (పెట్రోలు పాలు ఎక్కువవుతుంది), పైగా కాలిన గ్యాస్ కలిసి నెమ్మదిగా మండుతుంది, ఒక్కోసారి మండదు. టేబుల్‌లోని ఒకే గడిలో రెండు క్యామ్ స్థానాలకీ సరిపోయే ఇంధనం అంకె ఉండదు.

ఆన్, ఆఫ్ పనికొచ్చే సందర్భం ఒకటుంది. ట్రాక్ మీదో డ్రాగ్ స్ట్రిప్ మీదో ఎప్పుడూ ఫుల్ థ్రాటిల్‌లో నడిచే బండి. థ్రాటిల్ 80 శాతం దాటితేనే ఆన్ అవ్వాలని షరతు పెట్టి, ఆన్‌కీ ఆఫ్‌కీ మధ్య 200, 300 ఆర్‌పీఎం తేడా ఉంచితే సరిపోతుంది. పెళ్లాం పిల్లలతో అరసవల్లి వెళ్లే బండికి వద్దు.

మూడోది క్లోజ్డ్ లూప్. క్యామ్ ఎక్కడుందో సెన్సర్‌తో చదువుకుంటూ, కావలసిన చోటికి చేరేదాకా డ్యూటీ సర్దుతూ ఉండటం. కంపెనీ ఈసీయూ చేసేదీ ఇదే. రోడ్డు మీద తిరిగే బండికి ఇదొక్కటే పూర్తి పరిష్కారం. కష్టం కూడా దీనికే ఎక్కువ.

క్లోజ్డ్ లూప్‌కి ముందు నూనె, వైరు

ల్యాప్‌టాప్ తెరిచేముందు ఆయిల్ చూడండి. మా బండిలో పాత ఓనరు 20డబ్ల్యూ-50 పోయించేవాడు. మన ఎండలకి దళసరి నూనె మంచిదని మన వైపు చాలామందికి గట్టి నమ్మకం. కార్బ్యురేటర్ రోజుల్లో అది సరే. ఈ ఇంజిన్‌లో క్యామ్‌ను తోసేది ఆ నూనే. 5డబ్ల్యూ-30కి తయారైన సన్నటి దారుల్లో దళసరి నూనె మెల్లగా పారుతుంది, ఉదయం పూట మరీ మెల్లగా. పైగా ఓసీవీకి వెళ్లే దారిలో వేలి చివరంత చిన్న జల్లెడ ఉంటుంది. మాది విప్పినప్పుడు మా మెకానిక్ దాన్ని వెలుతురుకి పట్టి చూశాడు. "ఇదేటి బాబూ, జల్లెడలో తారు పోసినట్టుంది" అన్నాడు. నిజంగానే ఒక్క రంధ్రం నుంచీ వెలుతురు రాలేదు. పాత టూత్ బ్రష్, కార్బ్ క్లీనర్‌తో పావుగంట కడిగితే రాగిరంగు తీగలు బయటపడ్డాయి. ఆ ఒక్క పనికి క్యామ్ కదలిక ఎంత మారిందంటే, అంతకుముందు రెండు వారాలు నేను ట్యూనింగ్ పేరుతో చేసిందంతా వృథా అని అర్థమైంది.

తర్వాత ఓసీవీ కాయిల్‌ను మల్టీమీటర్‌తో కొలవండి. టయోటా వాల్వ్ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 6.9 నుంచి 7.9 ఓమ్‌లు చూపాలి. 14 వోల్టుల మీద అంటే దగ్గర దగ్గర 2 ఆంపియర్లు లాగుతుంది. మీ ఈసీయూ ఔట్‌పుట్ అంత మోయగలదా, ఆ ఔట్‌పుట్‌కి ఫ్లైబ్యాక్ డయోడ్ (కాయిల్ ఆపినప్పుడు వచ్చే వోల్టేజీ పోటు నుంచి కాపాడేది) ఉందా అన్నది కొనేముందే చూసుకోవాలి. ఫ్యాన్ రిలే కోసం ఇచ్చిన ఔట్‌పుట్‌కి ఓసీవీ తగిలించి డ్రైవర్ చిప్ కాల్చుకున్నవాళ్లని చూశాను.

సెన్సర్ సంగతి ఇంకా ముఖ్యం. మా 1జెడ్‌జెడ్-ఎఫ్‌ఈ ఇంజిన్‌లో క్రాంక్ మీద 36లో 2 తీసేసిన పళ్ల చక్రం, ఇన్‌టేక్ క్యామ్ మీద 3 పళ్లు ఉంటాయి. రెండు సెన్సర్లూ రెండు వైర్ల వీఆర్ (అయస్కాంతంతో పంటిని పసిగట్టే) రకం. వీఆర్ సెన్సర్ వైర్లు అటూ ఇటూ అయినా ఇంజిన్ స్టార్ట్ అవుతుంది. అసలు ప్రమాదం అదే. పంటి అంచు బదులు ఇంకో చోటు చదువుతుంది, ఆ చోటు ఆర్‌పీఎంతో పాటు జరుగుతుంది. పరీక్ష తేలిక. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక ఓసీవీ ప్లగ్గు పీకండి. క్యామ్ తన లాక్ పిన్‌లో కూర్చుని ఉంటుంది, కదిలే అవకాశమే లేదు. ఐడిల్ దగ్గర కోణం చూసి, మెల్లగా 4000 దాకా లేపండి. అంకె ఒక డిగ్రీకి అటూ ఇటూ నిలబడాలి. మాది 8 డిగ్రీలు పాకింది. క్యామ్ సెన్సర్ వైర్లు తిప్పి కలిపితే రాయిలా నిలబడింది. ఆ అంకెనే సున్నాగా సెట్ చేసుకోవాలి.

ఇంకో గందరగోళం డిగ్రీలతో. క్యామ్ 20 డిగ్రీలు జరిగితే క్రాంక్ లెక్కలో అది 40. ఒక ఈసీయూ క్రాంక్ డిగ్రీల్లో చూపిస్తుంది, ఇంకోటి క్యామ్ డిగ్రీల్లో. ఎవరో ఇచ్చిన టేబుల్ తెచ్చి పెట్టుకునేవాళ్లు ముందు ఇది తేల్చుకోవాలి. మా ఇంజిన్‌కి మొత్తం కదలిక క్రాంక్ లెక్కలో సుమారు 40 డిగ్రీలు. ఓసీవీకి నేరుగా కరెంటు ఇచ్చినప్పుడు మీకు 20 కనిపిస్తే ఈసీయూ క్యామ్ డిగ్రీలు చూపిస్తోందని అర్థం.

హెడ్ చెక్కించినవాళ్లు, బయటి క్యామ్ వేసినవాళ్లు ఇక్కడ ఆగాలి. క్యామ్ పూర్తిగా ముందుకు జరిగినప్పుడు వాల్వ్ పిస్టన్‌కి తగలదని మైనం పెట్టి తిప్పి చూడనిదే ఓసీవీకి వైరు కలపొద్దు. ఇన్‌టేక్ వైపు 2 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ వైపు 2.5 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలన్నది ఇంజిన్ కట్టేవాళ్లు ఎక్కువగా పాటించే లెక్క.

ఇవన్నీ కుదిరాక కంట్రోల్ సర్దడం అనుకున్నంత కష్టం కాదు. వేడి ఇంజిన్‌ను 2500 దగ్గర పట్టి, డ్యూటీ చేత్తో ఇస్తూ క్యామ్ ఉన్నచోటే నిలిచే అంకె పట్టుకోండి. మా వాల్వ్‌కి అది 50కి కాస్త తక్కువ. అదే పునాది. దాని మీద ప్రపోర్షనల్ (తేడా ఎంతుంటే అంతకు తగ్గట్టు సర్దేది) కొద్దికొద్దిగా పెంచుతూ, టార్గెట్ 0 నుంచి 20కి, మళ్లీ 0కి మార్చి లాగ్ చూడండి. క్యామ్ అర సెకనులోపు చేరి, రెండు మూడు డిగ్రీలకు మించి దాటిపోకుండా ఉంటే చాలు. ఇంటెగ్రల్ (ఇంకా మిగిలిన తేడాను తీర్చేది) చిటికెడు. డెరివేటివ్ (మార్పు వేగాన్ని చూసి సర్దేది) జోలికి నేను దాదాపు వెళ్లలేదు, క్యామ్ మీద మూడే పళ్లు కాబట్టి అది సిగ్నల్ మోతనే ఎక్కువ చేస్తుంది. కూలెంట్ 60 డిగ్రీలు దాటేదాకా, ఆర్‌పీఎం 1200 దాటేదాకా క్యామ్‌ను ముట్టుకోవద్దని షరతు పెట్టండి. టార్గెట్ సున్నా అయినప్పుడు డ్యూటీ కూడా సున్నా చేసేయాలి. లాక్ పిన్ తన పని తను చేసుకుంటుంది.

కోణాలు ఎక్కడ పట్టుకోవాలి: డైనో, హైవే, ఘాట్

డైనో దొరికితే దాని మీదే చేయండి. పద్ధతి సూటిగా ఉంటుంది. టేబుల్ మొత్తం 0 పెట్టి ఒక ఫుల్ థ్రాటిల్ రన్, తర్వాత 10, 20, 30, 40. ఐదు టార్క్ గీతల్ని ఒకదాని మీద ఒకటి వేస్తే, ఏ ఆర్‌పీఎం దగ్గర ఏ గీత పైన ఉందో అదే అక్కడి కోణం. మామూలుగా కింద నుంచి మధ్య దాకా అడ్వాన్స్ పెరుగుతుంది, పైకి పోయేకొద్దీ మళ్లీ తగ్గుతుంది. తక్కువ వేగంలో ఇన్‌టేక్ వాల్వ్ తొందరగా మూసుకుంటే లోపలికొచ్చిన గాలి వెనక్కి పోదు. ఎక్కువ వేగంలో గాలి తన ఊపుతోనే ఇంకా లోపలికొస్తూ ఉంటుంది కాబట్టి ఆలస్యంగా మూయడమే లాభం.

నాకు డైనో అందుబాటులో లేదు. హైవే మీద తెల్లవారుజామున, ఖాళీగా ఉన్న ఒకే ముక్క మీద, రెండో గేరులో 2000 నుంచి 5000 దాకా లాగి లాగ్ చేశాను. రెండో గేరులో 5000 అంటే 75 కిలోమీటర్ల లోపే, కాబట్టి స్పీడు లిమిట్ దాటే పని లేదు. పక్కన ల్యాప్‌టాప్ పట్టుకోడానికి మా బావ. ఒక్కో కోణానికి పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. 2500 నుంచి 3000కి, 3000 నుంచి 3500కి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకుంటే, తక్కువ సమయం పట్టిన కోణమే ఎక్కువ టార్క్ ఇచ్చిన కోణం. కష్టమే గానీ నమ్మకమైన కొలత.

ఇంకొందరు లాంబ్డా (గాలి, పెట్రోలు సరైన పాళ్లలో ఉంటే 1 చూపే కొలత) చూసి సరిచేసిన వీఈ (సిలిండర్ గాలితో ఎంత నిండిందో చెప్పే) అంకె ఎక్కడ ఎక్కువ వస్తే అదే సరైన కోణం అంటారు. ఫుల్ థ్రాటిల్‌లో ఈ మాట చాలావరకు నిజం. ఎక్కువ గాలి పట్టిందంటే ఎక్కువ టార్క్ వస్తుంది. తక్కువ లోడులో మాత్రం ఈ సూత్రం తప్పుదారి పట్టిస్తుంది. అక్కడ ఓవర్‌ల్యాప్ (ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ తెరుచుకుని ఉండే సమయం) పెంచితే వీఈ తగ్గుతుంది, అయినా బండికి మేలే. తాజా గాలి తగ్గింది కాబట్టి అదే వేగానికి థ్రాటిల్ ఇంకాస్త తెరవాల్సొస్తుంది. మూసిన థ్రాటిల్ వెనక నుంచి గాలిని పీల్చుకునే శ్రమ ఇంజిన్‌కి తగ్గుతుంది, పెట్రోలు మిగులుతుంది. అందుకే క్రూజింగ్ గడులకి వీఈ వదిలేసి, ఒకే వేగంలో ఇంజెక్టర్ ఎంత పోస్తోందో చూడండి. అది తగ్గుతూ ఉన్నంతసేపు కోణం పెంచండి, బండి వణకడం మొదలైన చోటు నుంచి 5 డిగ్రీలు వెనక్కి రండి.

మధ్య లోడు గడులకి సాలూరు నుంచి సుంకి ఎక్కే ఘాట్ రోడ్డు చాలా ఉపయోగపడింది. చదునైన రోడ్డు మీద ఒకే లోడు, ఒకే ఆర్‌పీఎం పట్టి ఉంచడం కష్టం, వేగం పెరిగిపోతుంది. ఎత్తు మీద మూడో గేరులో వీలైనచోటల్లా 2000, 2500 దగ్గర పడితే, మానిఫోల్డ్ ప్రెషర్ 50, 60 కిలోపాస్కల్ దగ్గర కాసేపు నిలకడగా ఉంటుంది. ఆదివారం పొద్దున్న వెళ్లి, లారీలకి దారిస్తూ, మలుపుల్లో కొలత మానేసి చేసుకోవాలి. సాలూరు లారీ డ్రైవర్లకి ఆ ఘాట్ ఇంటి వాకిలి లాంటిది, వాళ్లు మన కోసం ఆగరు.

కోణం మారిన ప్రతిసారీ ఇంధనం మళ్లీ సరిచూసి, ఆ తర్వాతే ఇగ్నిషన్. తక్కువ లోడులో ఓవర్‌ల్యాప్ పెరిగితే మంట మెల్లగా పాకుతుంది కాబట్టి ఇగ్నిషన్ అడ్వాన్స్ ఎక్కువ కావాలి. ఫుల్ లోడులో సిలిండర్ బాగా నిండితే నాకింగ్ దగ్గరికొస్తుంది కాబట్టి తగ్గించాలి. నేను మే నెల ఎండ కోసం ఫుల్ లోడు గడుల్లో మరో 2 డిగ్రీలు తగ్గించి వదిలేశాను. గడికీ గడికీ కోణం 5, 6 డిగ్రీలకు మించి దూకకుండా టేబుల్ నున్నగా చేసుకోండి. క్యామ్ వెనకబడితే ఇంధనం లెక్క కూడా తప్పుతుంది.

వైడ్‌బ్యాండ్ సెన్సర్‌ను (ఎగ్జాస్ట్‌లో మిక్స్చర్ కొలిచేది) 14.7 లాంటి అంకెల్లో కాకుండా లాంబ్డాలో చూడండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు). దానికి సరైన గాలి, ఇంధనం నిష్పత్తి 13.5 దగ్గర. లాంబ్డాలో అయితే ఏ పెట్రోలుకైనా 1 అంటే 1.

ఏ పెట్టె

స్పీడుయినో చవక, ఆర్డువినో మెగా మీద నడుస్తుంది, విడిభాగాలు మన దేశంలోనే దొరుకుతాయి. క్లోజ్డ్ లూప్ వీవీటీ ఉంది గానీ అన్ని క్యామ్ పళ్ల అమరికలకీ పనిచేయదు. మీ ఇంజిన్ జాబితాలో ఉందో లేదో చూసుకోకుండా కొనొద్దు. సోల్డరింగ్ చేతనైన ఇంజనీరింగ్ కుర్రాళ్లకి నేర్చుకోవడానికి ఇంతకంటే మంచిది లేదు. రస్‌ఈఎఫ్‌ఐ కూడా ఓపెన్ సోర్సే, వేగమైన చిప్, వీవీటీ విషయంలో స్పీడుయినో కంటే ముందుంది. సొంతంగా చేసుకునేవాళ్లకి నా మొదటి సలహా ఇదే. మెగాస్క్విర్ట్‌లో వీవీటీ కావాలంటే ఎంఎస్3 వైపే చూడండి, నాలుగు క్యామ్‌ల దాకా నడుపుతుంది. ఈ మూడూ ట్యూనర్‌స్టూడియో అనే ల్యాప్‌టాప్ సాఫ్ట్‌వేర్‌తో పనిచేస్తాయి, ఒకటి నేర్చుకుంటే మిగతావి పరాయిగా అనిపించవు.

ఆస్ట్రేలియా హాల్‌టెక్, న్యూజిలాండ్ లింక్, పోలండ్ ఈసీయూమాస్టర్, స్వీడన్ మ్యాక్స్ఈసీయూ వేరే తరగతి. కొన్ని ఇంజిన్లకి ట్రిగ్గర్, క్యామ్ సెట్టింగులు తయారుగా వస్తాయి. వైరింగ్ పుస్తకం బాగుంటుంది. ఖర్చు చాలా ఎక్కువ, పైన కస్టమ్స్. ఒకే కంపెనీలో కూడా కింది మోడళ్లకి క్యామ్ ఔట్‌పుట్లు తక్కువ ఉండొచ్చు, బ్రాండు పేరు చూసి కాకుండా ఆ మోడల్ కాగితం చదివి కొనండి. టర్బో వేసినవాళ్లు, ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండు క్యామ్‌లూ కదిలే ఇంజిన్ ఉన్నవాళ్లు ఈ వైపు వెళ్లడమే మేలు. ఎగ్జాస్ట్ క్యామ్ సహజ స్థానం పూర్తి అడ్వాన్స్, టార్గెట్ వెనక్కి పోతుంది. రెండు టేబుల్స్ ఒకదాన్నొకటి ప్రభావితం చేస్తుంటే సాధనం నమ్మకంగా ఉండాలి.

ఇంకో మాట. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ చెప్పినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. బీఎస్6 బండిలో ఈసీయూ పీకే ఆలోచనే పెట్టుకోవద్దు. పాత బండికైనా పొల్యూషన్ టెస్టు తప్పదు. ఐడిల్‌లో క్యామ్ సున్నా దగ్గర ఉంటే హైడ్రోకార్బన్లు అదుపులో ఉంటాయి. మాది ఆన్, ఆఫ్ రోజుల్లో కూడా ఐడిల్‌లో పాస్ అయింది, అసలు తేడా అంతా రోడ్డు మీదే. ఇన్సూరెన్స్‌వాళ్లకి కూడా ముందే చెప్పి పెట్టుకోండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పే వరుస ఇది. రస్‌ఈఎఫ్‌ఐ కొనండి, ఓసీవీ ప్లగ్గు పీకి మొదటి నెల నడపండి, ఆ నెలలో ఇంధనం, ఇగ్నిషన్ కుదుర్చుకోండి. ఈలోపు ఆయిల్ మార్చి జల్లెడ కడగండి. సెన్సర్ అంకె 4000 దాకా నిలబడిందని లాగ్‌లో చూశాకే ప్లగ్గు తిరిగి పెట్టండి. క్యామ్ కట్టేసి ఉన్నప్పటి ట్యూన్ ఫైలు ఫోన్‌లో ఒక కాపీ ఉంచండి. మొన్న జూన్‌లో సుంకి మలుపుల్లో మా ఓసీవీ కనెక్టర్ వదులై కోణం పిచ్చిగా ఊగింది. లారీల వెనక బండి పక్కకి ఆపి, ప్లగ్గు పీకి, ఆ పాత ఫైలు ఎక్కించడానికి పది నిమిషాలు పట్టింది. అక్కడి నుంచి శ్రీకాకుళం దాకా బండి కాస్త బద్ధకంగానే గానీ ఒక్కసారి కూడా తుళ్లకుండా వచ్చింది.